ఎడారిలో ఖాళీ జాగా ఉండదు

ఎడారి బొమ్మ వెయ్యమని నాకు పని చెప్పినవాళ్ళలో ఎడారిని చూసినవాళ్ళు లేరు. నేనూ చూడలేదు. ఆ ఒక్క విషయంలో మా మధ్య సమానత్వం ఉండేది. తేడా ఏమిటంటే, నేను చూడలేదన్న సంగతి నాకు తెలుసు.

బొమ్మలేసి బతుకుదామని ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను షాపు బోర్డులతో మొదలుపెట్టి, నాటకాల తెరల మీదుగా ప్రయాణించి, చివరికి ఒక ప్రభుత్వ కార్యాలయంలో ‘ఆర్టిస్టు’ అనే కుర్చీలో తేలాను. అంతకుముందు హనుమకొండలో జువాలజీతో బి.ఎస్సీ. చదివాను. కప్ప లోపల ఏముంటుందో నాకు బాగా తెలుసు. కొలువు మొత్తంలో దాని గురించి నన్నెవరూ అడగలేదు. ప్రమోషన్ల గురించి రాయను. రాయాలంటే ముందు అవి వచ్చి ఉండాలి.

నాలుగు సరుకులు

ఎడారి అనగానే జనానికి నాలుగు సరుకులు కావాలి. పసుపుపచ్చని ఇసుక, ఒంటె, చేతులెత్తి లొంగిపోయినట్టు నిలబడే జెముడు చెట్టు, ఒక పశువు పుర్రె. నాలుగూ ఉంటే ఎడారి. ఒకటి తగ్గితే, “ఇంకా పని కాలేదా?” అని అడుగుతారు.

ఆ చేతులెత్తే జెముడు మన దేశపు ఎడారిలో మొలవదు. ఎవరో క్యాలెండరులో వేశారు, దాన్ని చూసి ఇంకొకరు వేశారు, ఆఖరికి మా వరంగల్ పెయింటర్ల పుణ్యాన అది ప్రపంచంలోని ఎడారులన్నిటిలోనూ మొలిచింది. పోనీ మన చేల గట్ల మీదుండే బ్రహ్మజెముడు వెయ్యనా అంటే, “అది కంచె గద భాయ్, ఎడారెట్లయితది?” అనేవారు. పుర్రె సంగతి సరేసరి. ఎడారిలో జీవాలు చావడమే గానీ బతకడం ఉండదని వీళ్ళకు ఎవరు చెప్పారో తెలియదు. చెప్పినవాడు దొరికితే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

అయితే నాకు ఒళ్ళు మండేది ఈ సరుకుల వల్ల కాదు. ఇవి లేనిచోట ఇంకేమీ లేదనుకోవడం వల్ల.

జ్ఞానుల తెర

డెబ్భైల్లో, నాకింకా ఉద్యోగం దొరకని రోజుల్లో, మా చర్చివాళ్ళు క్రిస్మస్ నాటకానికి తెర వెయ్యమన్నారు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ ఎడారి దాటే ఘట్టం. సంఘ పెద్ద దానియేలు గారిని మేమంతా పెద్దయ్య అనేవాళ్ళం. ఆయన గుడ్డ తెప్పించి ఇచ్చి, “నీ ఇష్టమొచ్చినట్టు వెయ్యి బిడ్డా” అన్నాడు. కొత్తగా వచ్చేవాళ్ళకు నా సలహా: ఈ మాట ఎవరన్నా అంటే వెంటనే ఇద్దరు సాక్షుల్ని పిలుచుకోండి.

ఒంటెను నేను ఊహించి వెయ్యలేదు. పిల్లల్ని ఎక్కించుకుని తిప్పడానికి ఆ ఏడు హనుమకొండకు ఎవరో ఒంటెను తీసుకొచ్చారు. దాని వెనక పడి తిరిగి మోకాళ్ళు, పెదవులు, మెడ వంపు గీసుకున్నాను. ఒంటె మొహం అచ్చం హెడ్ క్లర్కు మొహమే. మీ అర్జీ అందింది, దాని మీద ఆశలు పెట్టుకోవద్దు అన్నట్టుంటుంది. తెర మీద మాత్రం ఒంటెల్ని దూరంగా, చిన్నగా వేశాను. మిగిలిన తెరంతా సాయంత్రపు నేల. ఉత్త నేల. వాళ్ళు ఎంత దూరం నుంచి వచ్చారో ఆ నేలే చెప్పాలి. ఒంటె పెద్దదైతే ప్రయాణం చిన్నదవుతుంది. ఈ అభిప్రాయం నాకు ఇప్పటికీ మారలేదు.

పెద్దయ్య తెర ముందు నిలబడి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. నేను లోలోపల మురిసిపోయాను.

“మంచిగనే ఉంది బిడ్డా,” అన్నాడు చివరికి. “గని గింత జాగ ఖాళీగ ఎందుకిడిసినవ్?”

“అది ఎడారి పెద్దయ్యా.”

“ఎడారే. నేను కాదంటన్ననా? ఖాళీగ ఎందుకుండాలె అంటన్న. గుడ్డ ఇప్పిచ్చినోళ్ళున్నరు, రంగులు ఇప్పిచ్చినోళ్ళున్నరు. ఆళ్ళ పేర్లు రాయొద్దా?”

“ఇసుక మీదనా?”

“మరి ఆకాశం మీద రాస్తే చుక్కకు అడ్డమొస్తది గద.”

ఆయన ఆలోచించకుండా మాట్లాడే మనిషి కాదు. నేను రాయనన్నాను. ఆయన అల్లుడు రాశాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది, అది కూడా నాకు కోపం తెప్పించింది. మా చర్చిలో ఫ్యాన్ల రెక్కల మీద, గోడ గడియారం మీద, హార్మోనియం పెట్టె మీద ఉండే పేర్లన్నీ కట్టగట్టుకుని ఎడారిలోకి దిగాయి. చోటు చాలక ఆఖరి పేరు, ‘జ్ఞాపకార్థం’తో సహా, నా చిన్న ఒంటెల మీదుగా పాకింది. నాటకం నాడు మొదటి జ్ఞాని చెయ్యి చాచి, “అదిగో, మనకు దారి చూపేది!” అనేసరికి ఆ వేలు సరిగ్గా ఒక కిరాణా షావుకారు పేరు మీద నిలిచింది. జనం నవ్వారు. ముందు వరసలో కూర్చున్న షావుకారు లేచి అందరికీ నమస్కారం పెట్టాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నేల ఖాళీగా కనబడితే మనవాళ్ళ చేతులు ఊరుకోవని ఆ రోజే తెలిసింది. అప్పుడది గుడ్డ మీద జరిగింది కాబట్టి సర్దుకుపోయాను. తర్వాత నేల మీదే జరిగింది.

మిట్టమధ్యాహ్నం కూర్చోవాలి

ఎనభైల మొదట్లో, నేను ఆ కార్యాలయంలో కుదురుకున్నాక, ఒక రోజు మా ఆఫీసరు పిలిచారు. హనుమకొండలో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. మన స్టాల్‌లో ‘నిన్న’, ‘నేడు’, ‘రేపు’ అని మూడు పెద్ద ప్యానెళ్ళు ఉండాలి. రఘునాథపల్లి దాటాక రోడ్డు దిగి లోపలికి పోతే ఒక ఊరి వెనక పెద్ద బీడుంది. అందులో జామాయిల్ తోట పెంచాలని మా వాళ్ళ ఆలోచన. హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చి స్టాల్ చూసి, సరే అంటే పని మొదలవుతుంది. ‘నేడు’, ‘రేపు’ వేరేవాళ్ళకు ఇచ్చారు. నాకు దక్కింది ‘నిన్న’. మా కాగితాల్లో ఆ బీడు పేరు ‘ఎడారిగా మారిన నిరుపయోగ భూమి’.

పేరు అంత గంభీరంగా ఉంటే భూమి ఎట్లా ఉంటుందో చూడాలి కదా. బస్సెక్కి పోయాను. ఎండాకాలం.

ఇక్కడ పని గురించి నాలుగు మాటలు. ఎండిన నేలను వెయ్యాలంటే మిట్టమధ్యాహ్నం దాని మీద కూర్చోవాలి. పొద్దున, సాయంత్రం వెలుగు అందరికీ అందం తెస్తుంది, దాన్ని నమ్మొద్దు. మధ్యాహ్నం చూస్తే ఇసుక పసుపు కాదని తెలుస్తుంది. ఎర్రమట్టి జాజులో తెలుపు బాగా కలిపి, అందులో కొంచెం బూడిద వేసినట్టుంటుంది. ఆకాశం నీలం కాదు, కింది అంచున పాల విరుగుడు రంగు. నేల, ఆకాశం కలిసేచోట గీత ఉండదు, వణుకు ఉంటుంది. అక్కడ గీత గీసినవాడు గదిలో కూర్చుని గీశాడని లెక్క.

జీవాల సంగతి ఇంకా కష్టం. అలాంటి నేలలో బతికే ప్రతి జీవీ ఆ నేల రంగునే తొడుక్కుంటుంది. వీపు ముదురు, కడుపు తెలుపు. పైనుంచి ఎండ పడేసరికి రెండూ ఒకటై మనిషి కంటికి మాయమవుతుంది. అందుకని జంతువును వెతకొద్దు, నీడను వెతకండి. రేగుకంప కింద ఒక నీడ కంప కన్నా ముదురుగా ఉంటే అది కుందేలు. ఆ నీడకు చెవులు ఉండాలన్న నియమం లేదు. నక్కను మధ్యలో నిలబెట్టి ఫోటో దిగినట్టు వెయ్యకండి. ఏ నక్కా అట్లా నిలబడదు, దానికి అంత తీరిక లేదు.

ఇదంతా నేను ఆ బీడులోనే నేర్చుకున్నాను. మొదటి రోజే బోర్డు పెట్టుకోవడానికి చదునుగా, ఏమీ లేని చోటు చూసుకుని కాలు పెట్టబోయాను.

“ఆగు! ఆడ పెట్టకు కాలు! గుడ్లున్నయి!”

తుమ్మచెట్టు కింద నుంచి ఒకామె కర్ర పట్టుకుని లేచింది. నేను ఒంటికాలి మీద నిలబడి కిందికి చూశాను. గులకరాళ్ళు. మళ్ళీ చూశాను. గులకరాళ్ళలో కొన్ని గులకరాళ్ళు కావు. తీతువు పిట్ట పొడి నేల మీదే, గూడూ గీడూ లేకుండా, మచ్చల గుడ్లు పెట్టి పోయింది. పైన పిట్టేమో నన్ను నానా తిట్లూ తిడుతోంది.

“కండ్లకు అద్దాలు పెట్టుకున్నవ్ గద తమ్మీ, అవ్వి దేనికి, సోకుకా?” అంది ఆమె. పేరు మల్లవ్వ. ఆమె భర్త కొమురయ్య కాస్త అవతల గొర్రెలను మలుపుతున్నాడు. వాళ్ళవి, వాళ్ళ దాయాదులైన పాలోళ్ళవి కలిపి ఊరి గొర్రెలన్నీ ఆ బీడు మీదే మేసేవి. నేను ఎందుకొచ్చానో చెప్పాను. దాచడానికి నాకు జీతం ఇవ్వడం లేదు.

కొమురయ్య గొంగడి భుజం మార్చుకున్నాడు. “గీ బీడు పోతే గొర్లను యాడ మేపాలె సారూ? రోడ్డు మీదనా?”

“అమ్ముకునుడే,” అంది మల్లవ్వ. “అమ్ముకొని నువ్వు నేను ఒకరి మొఖం ఒకరం చూసుకుంట కూసుందాం. నీ మొఖం చూసుటానికి నాకంత ఓపిక లేదు.”

కొమురయ్య ఆమె మాట పట్టించుకోలేదు. “సారూ, ఆ పెద్దసారు ఈడికొస్తడా?”

“రాడు. బొమ్మ చూస్తాడు.”

“గట్లయితె బొమ్మ మంచిగెయ్యి. ఉన్నది ఉన్నట్టెయ్యి. గీడ జీవాలు బతుకుతున్నయని ఆయనకు ఎర్కయితె ఇడిసిపెడ్తడేమో.”

నా బొమ్మ మీద అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ, ఎవరూ అంత బరువు పెట్టలేదు.

ఎండిన గడ్డి, రేగుకంపలు, తుమ్మల కింద కాయలు ఏరుకు తినే గొర్రెలు, దూరాన మెడలెత్తిన ఇర్రి జింకల మంద, పుట్ట పక్కన సగం కనబడే నక్క, కౌజు పిట్టలు, కంప కింద ముదురు నీడ. ఆయిల్ రంగుల్లో వేశాను, ఓపిగ్గా వేశాను. కింద కుడిమూల ఉత్త గులకరాళ్ళ నేల. అక్కడ ఏముందో చెప్పక్కర్లేదు.

‘నిన్న’ అంటే ఏడవాలి

మా ఆఫీసరు చదువుకున్న మనిషే. మర్యాదస్తుడు. కేకలు వెయ్యరు. అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి. ప్యానెల్ చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఏమిటయ్యా ఇది?”

“నిన్న సార్.”

“‘నిన్న’ అంటే చూసినవాడు ఏడవాలి. ఇది చూస్తే పిక్నిక్‌కి పోవాలనిపిస్తోంది.”

“అక్కడ ఉన్నవే వేశాను సార్.”

“ఉన్నవి వెయ్యడానికి కెమెరా ఉందయ్యా. ఇన్ని జంతువులుంటే చూసినవాడు అడవి అనుకుంటాడు. అడవి ఉంటే మనం అక్కడ అడవి ఎందుకు పెంచాలి? చెప్పు.”

తర్కంలో ఎక్కడా చిల్లు లేదు. నేను ఒప్పుకున్నాను. “పెంచక్కర్లేదు సార్. నేనూ అదే అంటున్నాను.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “నువ్వు మన ఆర్టిస్టువా, గొర్రెల వకీలువా?”

తర్వాత మృదువుగా కావలసినవి చెప్పారు. మీరు ఊహించినవే. పసుపుపచ్చని ఇసుక తిన్నెలు, జెముడు, పుర్రె. “ఇంకా,” అని చిటికె వేసి, “ఒక ఒంటె.”

“రఘునాథపల్లి దగ్గర ఒంటె ఉండదు సార్.”

“ఇప్పుడు లేదు. మనం చెట్లు పెంచకపోతే వస్తుంది.”

నేను కుంచె ముట్టనన్నాను. ఆయనకేమీ కోపం రాలేదు. బజారులో బోర్డులు రాసే ఒక పెయింటరును పిలిపించి నా బొమ్మ మీదే వేయించారు. త్వరగా ఆరాలని డిస్టెంపరుతో. ఆయిల్ మీద నీళ్ళరంగు పట్టదన్నది ఈ పనిలో మొట్టమొదటి పాఠం. తడిగుడ్డ తగిలితే ఊడొస్తుంది. ఆ పెయింటరు కూడా సణిగాడు, “భాయ్, గిది నిలువది, నా జిమ్మేదారీ కాదు” అన్నాడు. ఎగ్జిబిషన్ అయ్యేదాకా నిలిస్తే చాలన్నారు. ఒంటెను తెర మీద వేసినప్పుడు నేను దాని వెంట ఊరంతా తిరిగానని చెప్పాను కదా. ఇతని ఒంటెకు మోకాళ్ళు గేదెవి. మొహం మాత్రం కుదిరింది. మా ఆఫీసరు మొహం అప్పుడప్పుడు ఎదురుగా ఉండబట్టి కావచ్చు.

టచింగ్

లబ్ధిదారులను చూపించాలని ఎగ్జిబిషన్‌కు ఆ ఊరి నుంచి కొందరిని లారీలో తెచ్చారు. కొమురయ్య, మల్లవ్వ వాళ్ళలో ఉన్నారు. మల్లవ్వ నన్ను చూసి గబగబా వచ్చింది.

“తమ్మీ, నీ బొమ్మేది? యాడ పెట్టినవ్?”

నేను ప్యానెల్ చూపించాను. మొగుడూ పెళ్ళాలు దాని ముందు నిలబడ్డారు.

“గిది ఏ దేశం?” అంది.

“కింద మీ ఊరి పేరు రాశారు అక్కా.”

“మా ఊరా? మా ఊర్ల ఒంటె యాడిదే!” అని కొమురయ్య వైపు తిరిగింది. “ఓయ్, నాకు చెప్పకుంట ఒంటెను గిట్ల కొన్నవా?”

కొమురయ్య నవ్వలేదు. “సారూ, ఉన్నది ఉన్నట్టు ఎయ్యమన్న గద,” అన్నాడు మెల్లగా.

“వేశాను అన్నా. దీని కింద ఉంది.”

అప్పుడే హైదరాబాదు పెద్దాయన వచ్చాడు. వెనక మా ఆఫీసరు, ఇంకో పదిమంది. పెద్దాయన ఒంటెను చూసి ఆగాడు. “ఇక్కడ ఒంటెలు ఉన్నాయా?”

“సింబాలిక్ సార్,” అన్నారు మా ఆఫీసరు.

కొమురయ్య చేతులు జోడించి ముందుకొచ్చాడు. “అయ్యా, గిది మా బీడు కాదు. మా బీడుల గడ్డి ఉంటది, మా గొర్లన్ని ఆన్నే మేస్తయి.”

పెద్దాయన దయగా తల పంకించాడు. “అవునయ్యా. మేశాయి కాబట్టే ఇట్లా అయింది.”

నాకు ఇంక ఆగబుద్ధి కాలేదు. పక్కన కూజాలో జేబురుమాలు ముంచి, పెద్దాయన కళ్ళ ముందే ఒంటె మూపురాన్ని గట్టిగా రుద్దాను. పసుపు ఊడొచ్చింది. అడుగున ఎండుగడ్డి, గడ్డిలో ఒక ఇర్రి కొమ్ములు.

“సార్, దీని కింద అసలు బొమ్మ ఉంది,” అన్నాను.

ఆ క్షణంలో మా ఆఫీసరు ముఖంలో కండరం కూడా కదలలేదు. అంతటి ప్రతిభ నేను మళ్ళీ చూడలేదు.

“టచింగ్ చేస్తున్నాడు సార్. ఇంకా తడిగా ఉంది.”

“గుడ్, గుడ్. క్యారీ ఆన్,” అన్నాడు పెద్దాయన నా భుజం తట్టి, ‘నేడు’ దగ్గరికి నడిచిపోయాడు. అక్కడ అంతా పచ్చగా ఉంది.

తడి రుమాలుతో నేను, చేతులు జోడించుకుని కొమురయ్య, అట్లాగే నిలబడ్డాం. మల్లవ్వ ఆ కొమ్ముల్ని వేలితో తాకి, “గిది మనదే,” అంది.

వానలకు ముందే బీడు చుట్టూ కందకం తవ్వారు. జామాయిల్ నాటారు. దాని కింద గడ్డి మొలవదు, పిట్ట వాలదు, నీడ కూడా అరకొరే. గొర్రెలు సంతకు పోయాయి. తోటలోకి పశువులు రాకుండా కాపలాకు ఒక మనిషి కావాల్సి వచ్చి కొమురయ్యనే పెట్టారు. గొర్రెలను తోలెయ్యడం ఆయన పని. ఊళ్ళో తోలడానికి గొర్రెలు లేవు కాబట్టి ఆయన పని మీద ఎప్పుడూ ఫిర్యాదు రాలేదు. మా వార్షిక సమీక్షలో దీన్ని ‘స్థానికులకు ఉపాధి’ అన్నారు. చదివి వినిపించిన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో సిగ్గు అనేది సింబాలిక్‌గా కూడా లేదు.

దాత పేరు

ఎనభైల చివర్లో మా కార్యాలయం కొత్త భవనానికి మారింది. పాత సామాను పారేస్తుంటే షెడ్డులో విరిగిన కుర్చీల వెనక ప్యానెల్ కనబడింది. అడిగితే తీసుకుపొమ్మన్నారు. ఇంటికి తెచ్చి పెరట్లో నల్లా కింద పెట్టి కడిగాను. ఒంటె, జెముడు, పుర్రె, ఇసుక తిన్నెలు, అన్నీ కలిసి పసుపు నీళ్ళయి మోరీలోకి పోయాయి. చెప్పొద్దూ, సంతోషంగానే ఉండింది.

అది ఉండాల్సిన చోటు మా ఇల్లు కాదు. బస్సు పైన కట్టించుకుని ఆ ఊరి బడికి తీసుకుపోయాను. కొమురయ్యకూ మల్లవ్వకూ కబురు పెట్టాను. ఆయన కాపలా కర్రతోనే వచ్చాడు, వెనకే మల్లవ్వ. బడిలో కొత్తగా వచ్చిన టీచరమ్మ మంచి పిల్ల. గోడకు మేకులు తనే కొట్టింది.

“చాలా బాగుంది సార్. రాజస్థానా?”

“మీ బడి వెనకే అమ్మా.”

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. జామాయిల్ మొద్దులు, ఒక కోత అప్పుడే అయిపోయింది. నేను హాస్యమాడానని అనుకుని మర్యాదకు నవ్వింది.

కొమురయ్య బొమ్మ ముందు నుంచి కదల్లేదు. గొర్రెలను ఒక్కొక్కదాన్నీ చూసుకుంటున్నాడు. “గిది మా కొమ్ములు తిరిగిన పొట్టేలు,” అన్నాడు ఎవరితోనూ కాకుండా.

టీచరమ్మ రెండడుగులు వెనక్కి వేసి బొమ్మను మొత్తంగా చూసింది. “సార్, బడికి ఎవరు ఏమిచ్చినా పేరు రాయిస్తున్నం. మీ పేరు కూడా రాయాలె. దాత అని.” సుద్దముక్క తీసుకుని ముందుకొచ్చింది. “గీ కింద మూలకు జాగ ఖాళీగనే ఉంది గద. ఇక్కడ గుర్తు పెడ్త.”

నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి కేక పడింది.

“ఆగు! ఆడ పెట్టకు చెయ్యి! గుడ్లున్నయి!”

టీచరమ్మ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మూలన ఇప్పటికీ ఎవరి పేరూ లేదు.